పేరుకు వదిలిన జాగా

పెళ్లి కార్డులు, సర్టిఫికెట్లు, బ్యాడ్జీలు డిజైన్ చేసే పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు అప్పుడప్పుడు నా దగ్గరికి వస్తారు. ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకుంటే మంచిదని అడుగుతారు. నాకు తెలిసినవన్నీ పాతబడ్డాయి, కాబట్టి ఆ విషయంలో నేను చెప్పగలిగింది తక్కువ. ఒకే డిజైన్‌లో ప్రతి కార్డుకూ ఒక కొత్త పేరు కూర్చే పని మాత్రం సీసపు అక్షరాలతోనూ చేశాను, కంప్యూటర్‌తోనూ చేశాను. ఆ పనిలో పేరు ఎక్కడ పడుతుందన్న దానికన్నా ఎవరి పేరు పడుతుందన్నదే పెద్ద సంగతి. ఇది నాకు నేర్పిన మనుషుల గురించి రాస్తున్నాను.

పొడుగు పేరుకు జాగా

మాది నల్లగొండ. మా నాయిన చర్చిలో సంఘ పెద్ద. ఆదివారం ఆరాధన చివర ఆయన రోగుల కోసం, ప్రయాణాల్లో ఉన్నవాళ్ల కోసం, పరీక్షలు రాసే పిల్లల కోసం ప్రార్థన చేసేవాడు. "అందరినీ దీవించు తండ్రీ" అని ఒక్క ముక్కలో ముగించేవాడు కాదు. ఒక్కొక్కరినీ పేరు పెట్టి దేవునికి అప్పజెప్పేవాడు. వెనక చాపల మీద కూర్చున్న పిల్లలకు ఆకలితో కడుపు మండేది.

"దేవునికి అందరు ఎరుకే గద నాయినా, గన్ని పేర్లు ఎందుకు?" అని ఒకసారి అడిగాను.

"దేవునికి ఎరుకేరా. పేరు ఇన్నోళ్ల మొఖం సూడు" అన్నాడు.

మరుసటి వారం చూశాను. జ్వరంతో గోడకు ఆనుకున్న ఒక ముసలాయన తన పేరు వినగానే వెన్ను నిలబెట్టి కూర్చున్నాడు. గొర్రెలను పేరు పెట్టి పిలిచే కాపరి గురించి ఆదివారం బడిలో ఎన్నోసార్లు విన్నాను గాని, అది నాకు అర్థమైంది ఆ ముసలాయన వెన్ను చూశాకే.

ఎనభైలలో ఖాదర్ సాబ్ ప్రెస్‌లో చేరాను. అప్పుడు పువ్వులు, చిలుకలు, కలశాలు ముద్రించిన ఖాళీ కార్డులు శివకాశి నుంచి వచ్చేవి. లోపల అక్షరాలు మేం కూర్చి ట్రెడిల్ అచ్చు మిషన్ మీద కొట్టేవాళ్లం. ఎవరైనా షోకు మనిషి వచ్చి "ప్రతి కార్డు మీద పిలిచెటోళ్ల పేరు పడాలె" అన్నాడంటే మాకు చేతినిండా పని. ఒక కార్డు కొట్టగానే మిషన్ ఆపాలి, చట్రం వదులు చేయాలి, ఒక్క వరుస అక్షరాలు తీసి కొత్త పేరు పెట్టాలి, మళ్లీ బిగించాలి. పేరు పొడుగైతే పక్కన ఉన్నవన్నీ కదిలిపోయేవి.

"దానేలూ, పొడుగు పేరుకు జాగా సూసుకో. పొట్టి పేరు దానంతట అదే సర్దుకుంటది" అనేవాడు ఖాదర్ సాబ్. కంప్యూటర్ వచ్చాక కూడా ఇంతకన్నా మంచి పాఠం నాకు ఎవరూ చెప్పలేదు. మీరు కూడా ముందు పేర్లన్నిటిలోకి పొడుగుదాన్ని వెతికి, దానితో డిజైన్ చేసుకోండి.

ఆయన నమాజుకు వెళితే నేను మిషన్ చప్పుడు ఆపేవాణ్ణి. ఆదివారం పనికి రమ్మని ఆయన నన్ను ఎన్నడూ అడగలేదు. ఇద్దరం ఎవరి విశ్వాసం వాళ్లం గట్టిగా పట్టుకున్నవాళ్లమే, అందుకే మా మధ్య పేచీ రాలేదు. అయితే ఆయనకు ఒక బలహీనత ఉండేది. కొత్త వస్తువు కనబడితే ఆగలేడు.

గులాబీల మధ్య పాన్‌డబ్బా మల్లేశం

తొంభైలలో ఆయన కంప్యూటర్, లేజర్ ప్రింటర్ తెచ్చాడు. హైదరాబాద్ నుంచి వచ్చినాయన మాకు ఒక ఇంద్రజాలం నేర్పి వెళ్లాడు. డిజైన్ ఒక ఫైలులో ఉంటుంది. అందులో పేరు రావలసిన చోట ఒక గుర్తు పెడతాం. పేర్లు, ఊర్లు వేరే ఫైలులో వరుసగా ఉంటాయి. రెండింటినీ కలపమంటే చాలు, కార్డు కార్డుకూ పేరు మారుతూ బయటికి వస్తుంది.

ఖాదర్ సాబ్ వీధిలో వాళ్లందరినీ పిలిచాడు. పాన్‌డబ్బా మల్లేశం పేరు గులాబీల మధ్య పడి బయటికి వచ్చింది.

"అరే, ఇది నేనే! నేనేమన్న మినిస్టర్నా సాబ్?" అన్నాడు మల్లేశం.

"ఇయ్యాల్టికి మినిస్టర్‌వే. రేపట్నుంచి మళ్ల సున్నం రాసుకో" అన్నాడు ఖాదర్ సాబ్.

మల్లేశం ఆ కాగితాన్ని తన డబ్బాలో అద్దం పక్కన అతికించుకున్నాడు. ఎండకు వెలిసిపోయేదాకా అది అక్కడే ఉంది.

మొదట్లో తప్పులు బాగా జరిగాయి. బంగారు రంగు ఆరకముందే కార్డును ప్రింటర్‌లోకి పంపితే లోపలి వేడికి రంగు రోలర్‌కు అంటుకునేది. పేర్ల ఫైలులో ఒక వరుస ఖాళీగా ఉంటే "శ్రీ గారికి" అని ఎవరికీ కాని కార్డు వచ్చేది. మహబూబ్‌నగర్‌లో ఒక బడికి సర్టిఫికెట్లు చేసినప్పుడు పేర్ల వరుసను మాత్రమే అక్షర క్రమంలోకి మార్చి, పక్కనున్న బహుమతుల వరుసను కదపకుండా వదిలేశాం. పాటల పోటీలో గెలిచిన పిల్లకు ఇనుప గుండు విసిరినందుకు ప్రశంస దొరికింది. హెడ్మాస్టర్ మంచివాడు. "ఈ పిల్ల పాట కూడా గట్లనే పడ్తది, తప్పేం లేదు" అని వేదిక మీద అందరినీ నవ్వించి, తర్వాత మా దగ్గరికి మనిషిని పంపాడు.

ఇలాంటివి దిద్దుకుంటే పోయే తప్పులు. డిజైన్ కుదిరి, అక్షరం తప్పు పోకుండా, రంగు చెదరకుండా, అన్నీ బాగున్న పని ఒకటి ఒక పెళ్లినే ఆపబోయింది. అసలు చెప్పాలనుకున్నది దాని గురించే.

యాదమ్మ కార్డులు

రామన్నపేట దగ్గర ఒక ఊళ్లో, బస్సులు ఆగే చోట యాదమ్మ చాయ్ హోటల్ నడిపేది. భర్త చనిపోయాడు. కూతురు స్వరూప పెళ్లి కుదిరింది. కార్డుల కోసం మా దగ్గరికి వచ్చింది.

"మొగోడు లేనింట్ల పెండ్లి ఎవరు జేస్తరని ఊర్ల గుసగుసలాడుతున్నరన్నా. నా కార్డు సూసినంక ఒక్కని నోరు లేవొద్దు" అంది.

ఖాదర్ సాబ్‌కు ఇంతకన్నా ఏం కావాలి? "పెన్నుతోని రాసుడే లేదు యాదమ్మా. ఒక్కొక్కరి పేరు బంగారం లెక్క మెరవాలె. ఊరోళ్ల పేర్లు తీస్కరా" అన్నాడు.

ఆమె రేషన్ డీలర్ దగ్గర ఇంటి యజమానుల పేర్లు రాయించుకొచ్చింది. నేను వాటిని ఫైలులోకి ఎక్కించాను. పేరు పెద్దగా రావాలంటే జాగా సరిపోలేదు. కింద మామూలుగా వేసే "కుటుంబ సమేతంగా విచ్చేసి" అన్న వరుస తీసేయమన్నాడు ఖాదర్ సాబ్. మనిషిని పేరు పెట్టి పిలుస్తుంటే ఇంకా ఆ మాట దేనికన్నాడు. తీసేశాను. రెండు చిలుకల మధ్య పేరు నిజంగానే మెరిసింది. కార్డులు చూసి యాదమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది. పేర్లు పడ్డాయి కదా, ఇంకా నోటితో పిలవడం ఎందుకని, హోటల్ పనిలో తీరిక లేక, కార్డులను తమ్ముడితో ఇంటింటికీ పంపేసింది.

కొన్నాళ్లకు ఆమె మళ్లీ వచ్చింది. లోపలికి రాకుండా ప్రెస్ మెట్ల మీదే కూలబడింది.

"ఏమైందమ్మా?" అన్నాను.

"ఆడోళ్లు ఎవ్వరు రారట అన్నా."

మా పల్లెల్లో పిలుపు రెండు రకాలు. ఒకటి ఇంటికొకరు, అంటే ఇంటి పెద్ద వచ్చి తిని పోతాడు. రెండోది పొయ్యిబంద్, అంటే ఆ పూట మీ ఇంట్లో పొయ్యి ముట్టించొద్దు, పసిపిల్లతో సహా అందరూ మా ఇంటికే రావాలని. ఏ పిలుపో గడప ముందు నిలబడి నోటితో చెప్తారు. యాదమ్మ కార్డు మీద ఒకే పేరు ఉంది, అదీ మగవాడి పేరు. గడప దగ్గర చెప్పిన మాట లేదు. ఊరంతా దాన్ని ఇంటికొకరు పిలుపు అనుకుంది.

ఊళ్లో ఏ పెళ్లికైనా ఆడవాళ్లకు పెద్దదిక్కు కిష్టమ్మ అనే అవ్వ. ఆమె హోటల్ దగ్గరికి వచ్చి అందరి ముందూ అనేసిందట.

"ఏందే యాదమ్మా, మా ముసలోని పేరు బంగారంతోని కొట్టిచ్చినవ్. ఇగ పసుపు సుత ఆయన్నే దంచుమను. నడుము పడ్తె దవాఖానకు నువ్వే తీస్కపో."

యాదమ్మ ఆ మాట చెప్పేటప్పుడు ఖాదర్ సాబ్‌కు నవ్వొచ్చింది. ఆమె ముఖం చూసి ఆపుకున్నాడు. పెళ్లి పని మొదలయ్యేదే పసుపు దంచడంతో. ముత్తయిదువలు రోకలి పట్టాలి, పాట పాడాలి. యాదమ్మ తాను పట్టకూడదు, భర్త లేని మనిషి. ఆ ఆడవాళ్లు రాకపోతే ఆ ఇంట్లో పెళ్లి మొదలే కాదు. మగపెళ్లివారి ఊరికి ఆ కబురు చేరడానికి ఒక్క బస్సు చాలు.

"ఇంటింటికి పొయ్యి బతిమిలాడిన సాబ్. 'పిలుపు అయిపాయె గద, మల్లేంది' అంటున్నరు."

"స్టిక్కర్లు కొట్టిస్త. 'ఇంటిల్లిపాది' అని. అన్నిటి మీద అతికియ్యి" అన్నాడు ఖాదర్ సాబ్.

"అతికిచ్చిన పిలుపుకు ఎవరొస్తరు సాబ్?"

నాకు తోచింది అన్నాను. "మొగోళ్ల పేర్లతోని చెడింది. ఆడోళ్ల పేర్లతోని ఇంకో కార్డు కొడదాం. పసుపు దంచుడుకు వేరే పిలుపు."

"పేర్లు యాడున్నయ్?" అన్నాడు ఖాదర్ సాబ్.

రేషన్ డీలర్ దగ్గర లేవు. ఎక్కడా లేవు. వెళ్లి అడగాల్సిందే.

మొగుని పేరు చెప్పని ఊరు

యాదమ్మతో కలిసి బస్సెక్కాను. హోటల్ పందిరి కింద బల్ల వేసుకుని కూర్చున్నాను. పిలుపుకు రాబోమని చెప్పినవాళ్లు కూడా, పట్నం నుంచి ఎవరో వచ్చి ఆడవాళ్ల పేర్లు రాస్తున్నారంటే చూడడానికి వచ్చారు.

నా ఫైలులో ప్రతి ఇల్లూ మగవాడి పేరు మీద ఉంది. ఏ ఇంటి మనిషో తెలియాలంటే భర్త పేరు కావాలి. అడిగాను. మొదటి ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"గట్ల ఎట్ల జెప్తరు? ఆకాశంల ఉంటడు, రాత్రి పూట వస్తడు."

"చంద్రయ్య" అని రాసుకున్నాను.

ఆ తర్వాతి ఆమె "ఏడుకొండలాయన" అంది. ఇంకొకామె "మా ఆయన పేరే నీకు చాయ పోసిన గా పిలగాని పేరు" అంది. ఆ పిలగాడు వేరే ఊరివాడు, వాడి పేరు అక్కడ ఎవరికీ తెలియదు. పక్కనున్నామె ఉండబట్టలేక, "నర్సిమ్మ పెండ్లామని రాసుకో అన్నా, ఇది ఒడిసేటట్టు లేదు" అంది. అందరూ ఒకటే నవ్వు. సగం పొద్దు మొగుళ్ల పొడుపుకథలు విప్పడానికే పోయింది.

కిష్టమ్మ అవ్వ దూరంగా స్తంభానికి ఆనుకుని చూస్తోంది. చివరికి అంది.

"ఏం బిడ్డా, మమ్ముల పిలుస్తున్నవా, మా మొగోళ్లను మల్ల పిలుస్తున్నవా?"

పెన్సిల్ ఆగిపోయింది. ఆమె అన్నది నిజం. పసుపు దంచడానికి వచ్చే మనిషికి ఇంకొకరి పేరుతో పనేముంది? కాగితం మీద భర్త పేర్ల వరుస మొత్తం కొట్టేశాను. ఫైలులో కూడా ఆ వరుస లేకుండా చేయాలనుకున్నాను.

"నీ పేరు చాలవ్వా. చెప్పు."

"కిష్టమ్మ. పెద్దగ కొట్టు. నాకు కండ్లు ఆనయ్."

"సదువొస్తదా అవ్వా?"

"రాదు. అయినా పెద్దగనే కొట్టు."

ఆ తర్వాత పని పరుగులు పెట్టింది. "మా అత్త పేరు కన్న నా పేరు చిన్నగుండొద్దు" అని ఒక కోడలు. "దానిది కొట్టకున్న ఏం గాదు" అని ఆమె అత్త. "ఇద్దరిదీ ఒకటే సైజమ్మా, మిషన్‌కు అత్తాకోడళ్లు ఎరుక లేదు" అన్నాను. ఇద్దరూ కలిసి నన్ను తిట్టారు.

కిష్టమ్మ మాత్రం వస్తానని అనలేదు. "కార్డు రానీ, సూస్త" అని కొంగు దులుపుకుని వెళ్లిపోయింది. మిగతావాళ్లందరూ ఆమె వెనకే వెళ్లారు. ఆమె రాకపోతే వాళ్లూ రారని యాదమ్మకు తెలుసు, నాకూ అర్థమైంది.

పసుపు రంగు కార్డు

ఈసారి చిలుకలు వద్దనుకున్నాం. చిన్న కార్డు, పసుపు రంగు కాగితం, రోలు, దానిలో నిలబెట్టిన రెండు రోకళ్లు. వాటి మధ్య పేరుకు జాగా. మాటల దగ్గర ఖాదర్ సాబ్‌కూ యాదమ్మకూ తగువైంది. ఆయన "మంగళప్రదమైన శుభవేళ" అని ఏదో చెప్పబోయాడు.

"గట్ల నేను ఎన్నడన్న మాట్లాడిన్నా సాబ్? నేనెట్ల పిలుస్తనో గట్లనే కొట్టు."

"అచ్చుల గట్ల ఎవరన్న కొడ్తరా?"

"పైసలు నేనిస్తలేనా?"

అలాగే కొట్టాం. పైన పేరు, కింద ఆమె నోటి మాట: "మా స్వరూప పెండ్లికి పసుపు దంచనీకి నువ్వు రావాలె. ఆ పొద్దు పొయ్యి ముట్టియ్యకుండ్రి." కరెంటు కోతలు తప్పించుకుంటూ, రంగు పూర్తిగా ఆరనిచ్చి, ఒక్కొక్క కార్డునూ చేత్తో ప్రింటర్‌కు అందించాను. ఎవరూ చేయని పద్ధతిలో చేసిన ఆ కార్డే మా ప్రెస్ నుంచి వచ్చిన వాటిలో అందమైనదని ఇప్పటికీ అంటాను. ఖాదర్ సాబ్ కూడా తర్వాత ఒప్పుకున్నాడు గాని, చాలా ఆలస్యంగా.

పంచడానికి యాదమ్మ తానే బయలుదేరింది. చదివి ఇవ్వడానికి మనిషి కావాలి కాబట్టి నా భార్య కరుణను పంపాను. కరుణ సంఘంలో పాటలు నడిపించే మనిషి, గొంతు వాడచివరికి వినపడుతుంది. ఆమె గడప ముందు పేరు చదివేది, యాదమ్మ లోపలికి చూసి "పొయ్యిబంద్ అక్కా, అందరు రావాలె" అనేది. మా సంఘంలో ఒకరిద్దరు, మనకెందుకు ఆ తంతులని కరుణను అడిగారు. "నేను పసుపు దంచలే, మనుషుల్ని పిలిచిన. అది మనకు రాని పనా?" అని ఆమె జవాబు చెప్పింది. నేను ఇంతకన్నా బాగా చెప్పలేను.

ఎవరొస్తారు

పసుపు దంచే ఉదయం యాదమ్మ మమ్మల్ని కూడా రమ్మంది. నేను, కరుణ, ఖాదర్ సాబ్ వెళ్లాం. వాకిట్లో అలికి ముగ్గేసి రోలు పెట్టారు. రోకళ్లకు మామిడాకులు కట్టారు. పెళ్లిపిల్ల కొత్త చీరలో పీట మీద కూర్చుంది. వాకిలి మాత్రం ఖాళీ. యాదమ్మ వంటపొయ్యి దగ్గరికీ గేటు దగ్గరికీ తిరుగుతోంది. ఎండ రోలు మీదికి వచ్చింది.

"దానేలూ, వస్తరంటవా?" అన్నాడు ఖాదర్ సాబ్ మెల్లగా.

"ఫికర్ చేయకు సాబ్" అన్నాను గాని, నాకూ నమ్మకం లేదు. కళ్లు మూసుకుని ప్రార్థించాను. ఆ పేర్లన్నీ నా చేత్తో కొట్టినవే కాబట్టి ఒక్కటీ మరిచిపోలేదు. చంద్రమ్మ, బుచ్చమ్మ, లక్ష్మి, ఇంకో లక్ష్మి, సాలమ్మ... వరుసగా దేవునికి చెప్పుకుంటూ పోయాను. సగం కూడా కాలేదు, కరుణ నా మోచేయి పొడిచింది.

వీధి మలుపులో కిష్టమ్మ. పసుపు కార్డు రవికెలో దోపుకుంది, సగం బయటికి కనిపిస్తోంది. ఆమె వెనక ఆడవాళ్లు వీధి నిండా వస్తున్నారు. చంకన పిల్లలు, చేతుల్లో కార్డులు. అత్తాకోడళ్లు మాత్రం ఒకరికొకరు ఎడంగా నడుస్తున్నారు. వాళ్ల వెనక మగవాళ్లు, ఆ పొద్దు ఇళ్లలో పొయ్యి లేదు కదా.

"ఏందే, గట్ల సూస్తవ్? పిలిచి మరిచినవా?" అంది కిష్టమ్మ.

యాదమ్మ ఏడుస్తూ నవ్వింది. ఆడవాళ్లు రోలు చుట్టూ నిలబడ్డారు, పసుపు కొమ్ములు పోశారు. యాదమ్మ అలవాటుగా వెనక్కి జరిగి గోడ పక్కన నిలబడింది. కిష్టమ్మ రోకలి అందుకోబోయి ఆగి, చుట్టూ చూసి, నన్ను పిలిచింది.

"బిడ్డా, పేరు లేని ఉత్త కార్డున్నదా?"

పరీక్ష కోసం తీసినది ఒకటి నా జేబులో ఉంది. ఇచ్చాను.

"యాదమ్మ అని రాయి. పెద్దగ."

రోకళ్ల మధ్య ఖాళీలో పెన్నుతో రాశాను. ఆ పని మొత్తంలో చేత్తో రాసిన పేరు అదొక్కటే. కిష్టమ్మ ఆ కార్డును గోడ దగ్గరికి తీసుకెళ్లి యాదమ్మ చేతిలో పెట్టింది.

"పిలిచిన. ఇగ రా."

"అవ్వా, నేను పట్టొద్దు గద..."

"పిలుపొచ్చినంక రాకుంటే నామర్ద ఎవరికి?"

వెనక ఎవరో నెమ్మదిగా అన్నారు, "ఊరేమంటదో."

"ఊరంత ఈడనే ఉన్నది. అడుగు" అంది కిష్టమ్మ, అటు తిరక్కుండానే.

గేటు దగ్గర నిలబడ్డ మగవాళ్లు నేల చూశారు. చంకలో పిల్లను పక్కనున్నామెకు అందించి, మొదట చంద్రమ్మ జరిగి జాగా ఇచ్చింది, తర్వాత ఇంకొకరు. కిష్టమ్మ రోకలిని యాదమ్మ చేతికిచ్చి, రెండోది తాను పట్టి, గొంతు సవరించుకుని పాట ఎత్తుకుంది. యాదమ్మ కార్డును నడుము దగ్గర దోపుకుని, రోకలి పైకి లేపి, బలంగా వేసింది.